మైకమ్మ గొంతు

ఓడలో అందరూ ఆమెను మైకమ్మ అనేవారు. పై అంతస్తులో అగ్గిపెట్టెంత గది ఆమెది. పొద్దున్నే మైకు ముందు కూర్చుని, "ప్రయాణికులకు నమస్కారం. అల్పాహారం సిద్ధంగా ఉంది," అనేది. ఆ మాట పక్కనున్న ఇనపపెట్టెలో బలం పుంజుకుని, తీగల వెంట అంతస్తు అంతస్తుకీ దిగి, గోడల్లోని స్పీకర్లన్నిటా ఒక్కసారే పలికేది. అప్పటిదాకా మోగుతున్న పాట తనంతట తనే తగ్గి ఆమెకు దారిచ్చేది.

పలికాక గొంతు వెంటనే తిరిగొచ్చేది కాదు. అన్ని గదులూ తిరిగి, ఏ మధ్యాహ్నానికో ఆమెను చేరేది. అందాకా ఆమె మూగదే. ఈ సంగతి ఓడలో అందరికీ తెలుసు. వంటాయన ఏమీ అడక్కుండానే టీ పెట్టి పోయేవాడు. గొంతు వచ్చి, ఎవరితోనైనా రెండు మాటలాడదామనుకునేలోపు మళ్ళీ ప్రకటన వేళయ్యేది. రానురాను జనం పలకరించడమే మానేశారు. ఓడంతా వినపడే మనిషికి, ఎలా ఉన్నావనే దిక్కు లేదు.

ఒకరోజు పొద్దున వెళ్ళిన గొంతు మధ్యాహ్నం దాటినా రాలేదు.

మేనేజరు వచ్చి, "సాయంత్రానికి రాకపోతే టేపు పెట్టించక తప్పదమ్మా. వచ్చే రేవులో మీరు దిగిపోవాల్సి ఉంటుంది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

ఓడ మెకానిక్ వచ్చి ఒక్కో అంతస్తు లైనూ ఆపేస్తూ ఇనపపెట్టెకి చెవి ఆనించాడు. అట్టడుగు లైను దగ్గర ఆగిపోయాడు.

"అక్కా, నీ గొంతు లాండ్రీలో కూర్చుని కబుర్లు చెబుతోంది!"

ఆమె మెట్లు దిగి వెళ్ళింది. కిటికీలేని గదిలో ఆవిరి. ఇస్త్రీ ఆయన ఒక్కడే దుప్పట్ల గుట్టల మధ్య నిలబడి నవ్వుతున్నాడు. గోడమీద స్పీకర్లోంచి ఆమె గొంతు, "చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను వసపిట్ట అనేవాళ్ళు తెలుసా?" అంటోంది.

ఆమెను చూసి ఆయన కంగారుగా ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. "నేనేం పట్టుకోలేదండీ! అల్పాహారం సిద్ధం అంటే, మరి మీరు తిన్నారా అని ఊరికే అడిగా. అంతే, ఇక కదల్లేదు."

ఆమె స్పీకరు వైపు రమ్మని చెయ్యి ఊపింది. గొంతు గప్‌చుప్‌గా ఉండిపోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆయన బట్టల బుట్ట బోర్లించి, పైన తువ్వాలు పరిచాడు. "కూర్చోండి. అది ఎన్నో చెప్పింది గానీ, అడిగినదానికి మాత్రం జవాబివ్వలేదు. మీరైనా చెప్పండి. ఏమన్నా తిన్నారా?"

"లేదు," అంది ఆమె.

మాట గోడలోంచి రాలేదు. ఆమె నోట్లోంచే వచ్చింది.

ఆయన తన రొట్టెలో సగం తుంచి ఇచ్చాడు. తింటూ మాట్లాడింది, తినడం అయ్యాకా మాట్లాడింది. పైకి వెళ్ళాలన్న ధ్యాసే లేదు. ఉన్నట్టుండి స్పీకర్లో టేపు మోగింది. ఎవరో కొత్తావిడ గొంతు, రాత్రి భోజనం సిద్ధమని చెప్పింది.

ఇద్దరూ విన్నారు.

"అయ్యో! మీ ఉద్యోగం..." అన్నాడాయన.

ఆమె చేతికందిన దుప్పటి కొస పట్టుకుంది. "ఇక్కడ మడతపెట్టడానికి మనిషి కావాలా?"

"ఎప్పట్నుంచో అడుగుతున్నా. కిందికి రావడానికి ఎవరూ ఒప్పుకోరు."

"అయితే ఆ కొస పట్టుకోండి. ఇంతకీ ఎక్కడిదాకా చెప్పాను?"

"మీ చెల్లెలు చెట్టెక్కి, దిగలేక ఏడుస్తోంది."

"ఆఁ... ఏడుస్తోందా, నేనేమో కింద నిలబడి..."