ఎదుట నిలబడాల్సిన మనిషి

దేవికి రక్తం ఆగడం లేదు. బిడ్డ బయటికొచ్చి ఏడ్చింది. కానీ తల్లి గర్భసంచి మాత్రం ముడుచుకోలేదు, తడిగుడ్డలా మెత్తగా ఉండిపోయింది. ఎవాంజలిన్ రెండు చేతులతో దాన్ని నొక్కి పట్టుకుని ఆపరేషన్ టేబుల్‌కి అవతలి వైపు చూసింది. అక్కడ ఒక హౌస్‌సర్జన్ అమ్మాయి బిక్కచచ్చి నిలబడి ఉంది.

అక్కడ నిలబడాల్సింది ఆ ప్రభుత్వాసుపత్రిలో యూనిట్ చీఫ్ డాక్టర్ గురునాథరావు. ఆయన కాకపోతే ఆయన అసిస్టెంటు. మధ్యాహ్నం కాగానే ఇద్దరూ చీఫ్ సొంత నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళిపోయారు. అది రోజూ జరిగేదే. వెళ్తూ వెళ్తూ, సిజేరియనే కదా, చేసేయ్ అన్నాడు చీఫ్. ఎవాంజలిన్ పీజీలో చేరి ఏడాది దాటింది. సిజేరియన్లు చేసింది. రక్తం ఆగకపోతే గర్భసంచి తీసేయాలని చదివింది, ఒకసారి వెనక నిలబడి చూసింది. తన చేత్తో ఎన్నడూ చేయలేదు. సిస్టర్ చేత మళ్ళీ మళ్ళీ ఫోన్ చేయించింది. అటునుంచి ఒకటే జవాబు: సార్ ఆపరేషన్లో ఉన్నారు. ఇక ఆగలేక తనే మొదలుపెట్టింది. సగంలో ఉండగానే మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

గురునాథరావు వచ్చేసరికి వరండా జాలరిపేట జనంతో నిండిపోయింది. దేవి అత్త నూకాలు నేలమీద కూర్చుని గుండెలు బాదుకుంటోంది. ఆయన తెల్లకోటు సర్దుకుని అందరికీ వినబడేలా చెప్పాడు. "మాకెవరికీ చెప్పకుండా ఈ అమ్మాయి కత్తి పట్టింది. చర్య తీసుకుంటాం." చెప్పి వేలు చూపించాడు. జనం ఒక్కసారిగా ఆ వేలు చూపిన వైపు కదిలారు. ఆయా చెయ్యి పట్టి లాగి బట్టలగదిలో పెట్టి గొళ్ళెం వేయకపోతే ఎవాంజలిన్ ఏమయ్యేదో. ఆ చీకట్లో, దుప్పట్ల మధ్య, తలుపు మీద పడుతున్న దెబ్బలు వింటూ ఆమె చెవులు మూసుకుంది.

తర్వాత చీఫ్ ఆమెను తన గదికి పిలిపించాడు. కోపంగా లేడు. అందుకే ఆమెకు ఎక్కువ భయమేసింది. రేపు సూపరింటెండెంట్ విచారణలో, తను ఫోన్ చేయలేదనీ, తొందరపాటు తనదేననీ ఆమెను చెప్పమన్నాడు. అలా చెబితే కొన్నాళ్ళు సస్పెన్షన్‌తో పోతుంది. చెప్పకపోతే? "నీ ప్రాక్టికల్ పరీక్ష ఎవరి చేతిలో ఉందో నీకు తెలుసు కదమ్మా" అన్నాడు. ఎలమంచిలిలో మిషన్ బడిలో పంతులమ్మగా చేసే తల్లి విమలమ్మ ముఖం కళ్ళముందు మెదిలింది. ఎవాంజలిన్ తలూపి బయటికొచ్చింది.

పీజీ డాక్టరంటే ఎవరు? చదువుకుంటున్నారు కాబట్టి జీతం చాలకపోయినా అడగకూడదు. పని చేస్తున్నారు కాబట్టి నిద్ర లేకపోయినా అడగకూడదు. మంచి జరిగితే చీఫ్ చేసినట్టు, చెడు జరిగితే పీజీ చేసినట్టు. ఈ సంగతి హాస్టల్ మెస్‌లో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. నోరు మెదిపినవాళ్ళు మాత్రం అంతవరకూ ఎవరూ లేరు.

ఆ సాయంత్రం మెదిపారు. సమ్మె చేద్దామన్నారు కొందరు. సమ్మె చేస్తే చచ్చేది చీఫ్ కాదు, వార్డులో ఉన్న పేదవాళ్ళన్నారు ఇంకొందరు. మూడో ఏడాది పీజీ గవర్రాజు కుర్చీ వెనక్కి తన్ని లేచాడు. పరీక్షలు ముంగిట్లో ఉన్నాయి అతనికి. "తప్పు తనదేనని ఆవిడ చెప్పీసి ఊరుకుంటే అందరికీ మంచిది. మనవేటి చిన్న పిల్లలమా, తెలీదా ఇక్కడెలా నడుస్తాదో" అన్నాడు. చాలామంది తలలు దించుకున్నారు. అందరి కడుపులోనూ ఉన్నది అదే భయం.

ఎవాంజలిన్ లేచి నెమ్మదిగా చెప్పింది. "నాకూ భయమే. చీఫ్ అన్నట్టే చెప్పేద్దామని తలూపి వచ్చేను. కానీ రేపు మళ్ళీ ఆ టేబుల్ దగ్గర మనలో ఒకళ్ళమే ఉంటాం. అది తలుచుకుంటే ఇంకా భయంగా ఉంది." పని ఆపొద్దంది. ప్రాణం మీదికొస్తే ఎవరున్నా లేకున్నా చేద్దామంది. మిగతా ఏ ఆపరేషన్‌కైనా ఎదుట పెద్ద డాక్టరు నిలబడేదాకా కత్తి పట్టొద్దంది. వాదన చాలాసేపు నడిచింది. ఆఖరికి సరేనని ఒక్కొక్కరే చేతులెత్తారు. గవర్రాజు ఎత్తలేదు.

విచారణలో ఆమె నిజం చెప్పింది. ఫోన్ చేయించిన సిస్టర్ కూడా వచ్చి అదే చెప్పింది. ఆ సాయంత్రానికి ఎవాంజలిన్ సస్పెండయింది.

మర్నాడు ఆమె జాలరిపేట వెళ్ళింది. వద్దని అందరూ చెప్పారు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్న మగవాళ్ళు ఆమెను చూసి లేచి నిలబడ్డారు. కాళ్ళు వెనక్కి తిరగమంటున్నా నూకాలు గుమ్మందాకా నడిచింది. లోపల ఎవరో దేవి బిడ్డకు పాలు పడుతున్నారు.

"ఏటి, సూడ్డానికొచ్చేవా?" అంది నూకాలు.

ఎవాంజలిన్ జరిగిందంతా చెప్పింది. ఏదీ దాచలేదు. నూకాలు విని, "రాని పని ఎందుకు సేసేవు మరి?" అని అడిగింది.

"చెయ్యకపోతే అప్పుడే పోయేది. ముందే చీఫ్‌తో, మీరుంటేనే చేస్తానని అనాల్సింది. భయపడి అనలేదు."

నూకాలు లోపలికి తల తిప్పింది. ఆమె కళ్ళు బిడ్డ మీదే ఉన్నాయి. "మా పక్కింటి గురువమ్మ కూతురికి నెలలు నిండేయి. అక్కడికే తీసుకెల్లాల. దాని కాడ ఎవులుంటారు?"

"మాలో ఒకళ్ళం. మేమొక్కళ్ళమే."

"అయితే ఆ రోజున మీ పెద్ద డాట్రు కాడికే ఎల్దాం" అంది నూకాలు. లేచి చీర కుచ్చెళ్ళు దోపుకుంది.

గురువమ్మ కూతురికి నొప్పులు మొదలైంది ఒక మిట్టమధ్యాహ్నం. బిడ్డ అడ్డం తిరిగి ఉంది, ఆపరేషన్ తప్పదు, అయితే కొంచెం వ్యవధి ఉంది. పీజీలు థియేటర్ సిద్ధం చేసి చీఫ్‌కి ఫోన్ చేశారు. మీరే చేసేయండని జవాబొచ్చింది. తల్లి దగ్గర ఇద్దరు ఉండిపోయారు. మిగిలినవాళ్ళు ఎవాంజలిన్‌తో కలిసి తెల్లకోట్లతోనే ఆసుపత్రి ఉన్న కొండ దిగారు. కింద రోడ్డు మీద జాలరిపేట ఆడవాళ్ళు కలిశారు. చేపల తట్టలు అరుగుల మీద వదిలేసి వచ్చారు. అందరూ చీఫ్ నర్సింగ్‌హోమ్ మెట్ల నిండా, వరండా నిండా కూర్చున్నారు. నినాదాలు ఇవ్వలేదు. ఆ నిశ్శబ్దానికే లోపలివాళ్ళు హడలిపోయారు.

గురునాథరావు బయటికొచ్చి పోలీసుల్ని పిలిచానన్నాడు. ఒక్కొక్కరి పేరు గుర్తుపెట్టుకుంటానన్నాడు. అప్పుడు గుంపు వెనక నుంచి గవర్రాజు ముందుకొచ్చాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. "నా పేరు మీకు తెలుసు సార్. అక్కడ టేబుల్ మీద మనిషి ఉంది. కారెక్కండి" అన్నాడు.

జీపులు వచ్చాయి. లాఠీలు చూసి కూడా ఆడవాళ్ళు మెట్లు దిగలేదు. కారు వెళ్ళడానికి మాత్రం దారిచ్చారు, ఆసుపత్రి వైపుకే. ఇన్‌స్పెక్టర్ చీఫ్ చెవిలో ఏదో అన్నాడు. వీధి వీధంతా చూస్తోంది. గురునాథరావు కారెక్కాడు. గవర్రాజు ఆయన పక్కనే ఎక్కాడు. అది కదిలాక పోలీసులు ఎవాంజలిన్‌నీ, నూకాలునీ, దొరికినవాళ్ళందరినీ వ్యాన్‌లోకి తోశారు.

వన్ టౌన్‌లోని స్టేషన్లో బెంచీ మీద కూర్చుని ఎవాంజలిన్ వణుకుతూనే ఉంది. అరెస్టయిన డాక్టరుకి ఉద్యోగం ఎవరిస్తారు? అమ్మకి ఎలా చెప్పాలి? పొద్దువాలేవేళ గవర్రాజు వచ్చాడు. తల్లీ బిడ్డా బాగున్నారట. చీఫ్ మాట్లాడకుండా ఎదుట నిలబడ్డాడట. వార్త పాకి సర్జరీ వాళ్ళూ, ఎముకల వాళ్ళూ కూడా తమ చీఫ్‌లు వచ్చేదాకా కత్తి పట్టలేదట.

"మరి నీ పరీక్ష?" అంది ఆమె.

"పోతాది" అన్నాడు గవర్రాజు.

ఇన్‌స్పెక్టర్ ఆమెను తన టేబుల్ దగ్గరికి పిలిచి ఒక కాగితం ముందుకు జరిపాడు. మళ్ళీ ఇలాంటి పని చేయనని రాసి సంతకం పెడితే ఇప్పుడే ఇంటికి పోవచ్చన్నాడు. భయపడుతున్నావు కదా, నీకెందుకీ గొడవ అన్నాడు.

"అవునండి, భయంగానే ఉంది" అంది ఎవాంజలిన్. కాగితాన్ని వెనక్కి తోసింది. వెనక నూకాలు బెంచీ మీద కొంచెం జరిగి చోటిచ్చింది. బయట వీధి మలుపులో తెల్లకోట్లు స్టేషన్ వైపు వస్తూ కనబడుతున్నాయి, వాటి వెనక జాలరిపేట జనం. కానిస్టేబుల్ పరుగున వెళ్ళి గేటు మూశాడు.