పాత గ్రౌండు నీళ్ళు

“ఎన్నయినా చెప్పు సామీ, పాత గ్రౌండుకుండే అందం ఈ స్టేడియానికి యాడ వస్తాది?” అన్నాడు ఏకాంబరం, మా వసారాలో కాళ్ళు బారజాపుకుని. లోపల నేను వాళ్ళ కోసమే వడలపిండి రుబ్బుతున్నాను. ఆదివారం పొద్దున ఈ మాట వినబడకపోతే ముగ్గురిలో ఎవరికో ఒంట్లో బాగా లేదని అర్థం.

మా ఆయన సారంగపాణి శేషాద్రి ఫుట్‌బాల్ క్లబ్బుకు సెక్రటరీ. వారమంతా ఆఫీసులో పై అధికారి ముందు చేతులు కట్టుకుని నిలబడే మనిషి, ఆదివారం వసారాలో పడక్కుర్చీ ఎక్కితే మహారాజు. ఏకాంబరం ఒకప్పటి గోల్‌కీపరు. గాంధీరోడ్డులో బట్టలకొట్టు పెట్టాక పొట్ట పెరిగి, ఇప్పుడు మాటలతోనే బంతులు ఆపుతున్నాడు. మూడో మనిషి దొరస్వామి మాస్టారు, రిటైరైన డ్రిల్లు మాస్టారు, క్లబ్బును పుట్టించిన పెద్దాయన. ఊళ్ళో ఉన్న రెండు మైదానాలనూ పక్కపక్కన పెట్టి తూచడమే ఈ ముగ్గురి పని. పాతది మా ఇంటి వెనక సందు దాటగానే, రైలుగేటు పక్కన ఉండే మట్టినేల. కొత్తది అలిపిరి రోడ్డులో కట్టిన స్టేడియం. అది వచ్చి రెండేళ్ళయింది. ఈ రెండేళ్ళలో తూకం ఒక్కసారి కూడా స్టేడియం వైపు మొగ్గలేదు.

“స్టేడియంలో ఏముండాదప్పా, సిమెంటు తప్ప?” అన్నారు మా ఆయన. “ఆ పైన కూచుంటే ఆటగాళ్ళు చీమల మాదిరి కనిపిస్తారు. పాత గ్రౌండులో గీత పక్కన నిలబడుకుంటే వాళ్ళ చెమట మన మింద పడేది.”

“చెమట సంగతి అట్టుండనీ” అన్నారు మాస్టారు. “నీళ్ళబ్బా, నీళ్ళు! ఆ గ్రౌండు బావినీళ్ళు తాగిన నోటికి ఇంకో నీళ్ళు ఎక్కతాయా? హాఫ్‌టైములో ఒక్క చెంబు తాగితే సచ్చినోడు కూడా లేసి పరిగెత్తేవాడు. స్టేడియం కొళాయిలో పట్టుకుంటే తుప్పు వాసన.”

రోట్లో నా చెయ్యి ఆగిపోయింది. పాత గ్రౌండులో బావి లేదు. ఎప్పుడూ లేదు.

అక్కడున్నదల్లా ఒక బోరింగు పంపు. దాని నీళ్ళు ఉప్పు కషాయం, గేదెలు కూడా మూతి పెట్టి వెనక్కి తీసుకునేవి. ఆటగాళ్ళు తాగింది మా పెరటి బావినీళ్ళు. తెల్లవారకముందే లేచి, తోడి, వడగట్టి, బిందె చంకనెత్తుకుని సందు దాటి, వేపచెట్టు కింద ఇసకలో పాతిన కుండల్లో పోసి, వట్టివేరు కట్ట వేసి, మూతలు పెట్టి వచ్చేదాన్ని. మగవాళ్ళు వచ్చేలోగా అదంతా అయిపోవాలి. కోడలు గ్రౌండులో కనబడితే పరువు పోతుందని మా అత్తగారు పెరుందేవమ్మ పెట్టిన ఆంక్ష అది. నేను కనబడలేదు కనక నీళ్ళు ఎవరో మోస్తే వచ్చాయని ఎవరికీ తోచలేదు. చల్లగా తియ్యగా ఉన్నాయి కాబట్టి ఆ చుట్టుపక్కల ఎక్కడో బావి ఉండే ఉంటుందనుకున్నారు. అన్నేళ్ళు తాగి, ఆ బావి ఎక్కడుందో చూసొద్దామని ఒక్కడూ లేచి పోలేదు. సరే, వాళ్ళకు తెలియదు. మా ఆయనకు తెలుసు. కుండలు కొనుక్కొచ్చిందే ఆయన. ఇప్పుడైనా ‘ఆ నీళ్ళు మా పద్మాక్షి మోసినాదప్పా’ అంటారేమోనని రోటి ముందు ఊపిరి బిగబట్టి కూచున్నాను.

“అవునవును మాస్టారూ” అన్నారాయన. “ఆ బావి మహిమే మహిమ.”

ఇన్నేళ్ళూ నేను మోసిన నీళ్ళన్నీ ఆ ఒక్క మాటతో లేని బావిలోకి పోయాయి.

నీళ్ళతో సరిపోతే బాగుండేది. శనివారం సాయంత్రం ఆయన బంతిని సంచిలో వేసుకొచ్చి పెరట్లో పడేసేవారు. కుట్లు ఊడిన చోట కుట్టి, ఆముదం పట్టించి, గాలి కొట్టి, మూతి దగ్గర తోలుతాడు బిగించడం నా పని. “నీ వేళ్ళు సన్నం గదా, సందులో దూరతాయి” అని పెళ్ళయిన కొత్తలో ముద్దుగా అన్న మాట అట్లాగే ఉద్యోగమై కూచుంది. అది ఆవుతోలు. మాది మడికట్టుకునే వైష్ణవుల ఇల్లు. “తోలు తాకిన చేత్తో వంటింట్లోకి వస్తావా? పోయి నెత్తిన నీళ్ళు పోసుకో” అనేవారు అత్తగారు. ధనుర్మాసం చలిలో చన్నీళ్ళు, ఒంటి మీదే ఆరే తడిచీర. బంతి తెచ్చిన కొడుకు మాత్రం కాళ్ళు కడుక్కుని నేరుగా ఫలహారానికి కూచునేవాడు. మగవాడికి తోలు అంటదు కాబోలు. ఆట అయిపోయాక మట్టి కొట్టుకున్న చొక్కాలు వచ్చిపడేవి. ఆటగాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు సరిగా తెలియదు గానీ, ఎవరి చొక్కా ఏ చంక దగ్గర పిగులుతుందో ఇప్పటికీ చెప్పగలను. ఇక ఏటా ధనుర్మాసంలో టోర్నమెంటు. చిత్తూరు నుంచి, కోలారు నుంచి, అరక్కోణం నుంచి వచ్చిన జట్లన్నీ మా వసారాలోనే దిగేవి. తెల్లారి దేవుడికి పొంగలి, తర్వాత వాళ్ళకు ఇడ్లీలు, మధ్యాహ్నం సాంబారన్నం, ఆ పైన ఎంగిలి విస్తళ్ళు తీసి పేడనీళ్ళు చల్లుకోవడం. మరునాడు జడ వేసుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు.

నాకు కడుపు నిలవలేదు. ఆ తర్వాత గర్భసంచి జారింది. లేడీ డాక్టరు చూసి, “ఏం మోస్తావమ్మా నువ్వు? ఇంక బరువెత్తినావంటే పూర్తిగా బయటికొచ్చేస్తాది, చెప్తా ఉండాను” అంది. ఆ మాట ఇంట్లో చెబితే, “డాక్టర్లు అట్లనే అంటారు” అన్నారు తల్లీ కొడుకూ ఒకే గొంతుతో. నా అదృష్టం, ఆ ఏడే స్టేడియం తయారైంది. అక్కడ కొళాయి ఉంది. వచ్చిన జట్లు దిగడానికి గ్యాలరీ కింద గదులున్నాయి, క్యాంటీను ఉంది. చొక్కాలు కూడా చాకలికి వేయడం మొదలుపెట్టారు. ఈ ఊళ్ళో ఆ స్టేడియం వచ్చినందుకు దేవుడికి కొబ్బరికాయ కొట్టిన ఆడది నేనొక్కదాన్నే అయివుంటాను. తుప్పు వాసనట! తిప్పితే వచ్చే నీళ్ళకు ఏ వాసనుంటే ఏం? లోపలికి ఒక్కసారీ పోలేదు. కొండకు పోయేటప్పుడు బస్సులోంచి దాని గోడ కనిపిస్తే దండం పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆదివారం మధ్యాహ్నాలు నాకు నిద్ర దొరికింది. నడుం కింద లాగుతూ ఉండే నొప్పి తగ్గింది. పగటిపూట కళ్ళు మూసుకుంటే రెప్పల మీద వెలుతురు ఎర్రగా పడుతుందని చిన్నప్పుడు తెలుసు, మళ్ళీ ఇప్పుడు తెలిసింది. నాకంటూ ఈ ఇంట్లో ఉన్న ఆస్తి ఆ నిద్ర ఒక్కటే.

వడలు వేయించి, పళ్ళెం పట్టుకుని గుమ్మం దాకా వచ్చాను. అప్పుడే మా ఆయన కుర్చీలో లేచి కూచుని, “నేనొకటి తలుచుకున్నానప్పా. ఈ ఏడు టోర్నమెంటు పాత గ్రౌండులోనే పెడదాం” అన్నారు. ఏకాంబరం చప్పట్లు కొట్టాడు. మాస్టారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“మరి వచ్చే టీములు యాడ దిగాల?” అన్నాడు ఏకాంబరం. “ఆట ఆడ పెట్టకుంటే స్టేడియం గదులు మనకియ్యరు గదా.”

“మా ఇల్లు లేదా? ముందు ఎట్ల జరిగిందో అట్లనే జరుగుతాది.”

జరుగుతుందట. పొయ్యి తనంతట తనే అంటుకుంటుంది, బిందెలు తమంతట తామే నడిచి సందు దాటుతాయి.

“అమ్మకు కష్టం గాదా సామీ?” అన్నారు మాస్టారు. పెద్దమనిషి, ఆ మాత్రమైనా అడిగారు.

“దానికి అలవాటే” అన్నారు మా ఆయన, నా చేతిలోంచి పళ్ళెం అందుకుంటూ. నా మొహం చూడలేదు. ఏకాంబరం ఒక వడ నోట్లో వేసుకుని, “అమ్మా, నీ చేతి వడ తింటే పాత గ్రౌండు గ్యాపకమొస్తాదమ్మా” అన్నాడు. మంచివాడే. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక అడిగాను. “ఏమండీ, డాక్టరమ్మ బరువెత్తొద్దనింది గదా.”

“మూడు ఆదివారాలే గదే. ఆ తర్వాత నెలంతా పండుకో, ఎవురొద్దన్నారు?”

“పోనీ, వంటమనిషిని ఎవరినైనా పెట్టండి.”

“ఎవురో వండి, ఎవురో నీళ్ళు పోస్తే అది పాత గ్రౌండు ఎట్లవుతాది?” అన్నారాయన, ఎంతో మామూలుగా, చొక్కా గుండీలు విప్పుకుంటూ.

అంటే తెలుసు. మరిచిపోలేదు, పొరపాటున అనలేదు, ఏ బావి మహిమో ఆయనకు బాగా తెలుసు. వాళ్ళు రెండేళ్ళుగా వసారాలో కూచుని కలవరించింది ఆ మట్టినేలను కాదు. తమ దాహం కన్నా ముందే లేచి, తమ కంట పడకుండా పక్కకు తప్పుకునే ఒక మనిషిని. ఆ మనిషి పేరు మాత్రం ఎవరి నోటా రాదు. వచ్చిందంటే అడగాల్సి వస్తుంది. అడిగితే నేను కాదంటానేమో! దేవుడి గదిలోంచి అత్తగారి గొంతు వినబడింది. “కడుపు నిలవకపోయినా నిద్దర మాత్రం నిలవాల దీనికి. మేం మోయలేదా బిందెలు?”

ఆ సాయంత్రం నీళ్ళకని పెరట్లోకి పోయి, చేద దించకుండా బావిగట్టు మీద చేతులానించి నిలబడ్డాను. లోపల నీళ్ళు నల్లగా, కదలకుండా ఉన్నాయి. ఎంత హాయిగా ఉన్నాయో అనిపించింది. దూకితే ఒక్క క్షణం, ఆ తర్వాత ఎవరూ లేపరు. అప్పుడు నా బుర్రలోకి వచ్చిన ఆలోచన చెబితే నవ్వుతారో ఏడుస్తారో. నేను ఇందులో పడితే ఈ నీళ్ళు మైల పడతాయి, మరి టోర్నమెంటుకు నీళ్ళెట్లా, అనుకున్నాను. నిజంగా అనుకున్నాను. వీధి చివరి ఆనందమ్మ వాళ్ళ బావి నుంచి తెచ్చుకోవచ్చులే అని కూడా అనుకున్నాను. చావబోతూ కూడా వీళ్ళకు ఇబ్బంది లేకుండా చావాలని చూస్తున్నాను! గట్టు వదిలేసి, కింద బండ మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది. ఇంతలా నన్ను ఎవరు తయారుచేశారు? వీళ్ళేనా, వీళ్ళ కంటే ముందు పుట్టింట్లో మా అమ్మా? నాకు చావాలని లేదు. పడుకోవాలని ఉంది, అంతే. పడుకోవాలనుకున్న ఆడదానికి ఈ ఇంట్లో బావి తప్ప ఇంకో చోటు తోచడం లేదు.

టోర్నమెంటు ముందు రోజు, శనివారం, ఆయనతో చెప్పాను. “రేపు నేను వండను. నీళ్ళు కూడా మోయను.” ఆయన పేపరు దించకుండానే నవ్వారు. “సరేలే, కోలారు వాళ్ళు పద్నాలుగు మంది, బియ్యం కొంచెం ఎక్కువే పొయ్యి” అన్నారు. నేను అన్న మాటను వెనక్కి తీసుకోలేదు.

ఆదివారం లేచి దేవుడికి పొంగలి వండి పెట్టాను. దేవుడితో నాకు పేచీ లేదు. మా ఆయన కోలారు జట్టును పిలుచుకురావడానికి అప్పటికే రైల్వే స్టేషనుకు వెళ్ళిపోయారు. నేను చీర మార్చుకుని చెప్పులు వేసుకుంటుంటే అత్తగారు చూశారు. “యాడికి?”

“అలిపిరి పక్కకత్తా.”

కొండ కింద మొక్కుకోవడానికి అనుకున్నారేమో, “బిన్నా రా, ఆలస్యం చెయ్యొద్దు, ఇంకా పప్పు కూడా ఎయ్యలేదు” అన్నారు. వస్తానని నేను అనలేదు.

దారిలో కాళ్ళు రెండుసార్లు వెనక్కి లాగాయి. ఆకలితో దిగే ఆ కుర్రాళ్ళ మీద నాకేం కోపం? స్టేషను ముందు హోటళ్ళున్నాయి, తింటారు, అని నాకు నేనే చెప్పుకుంటూ నడిచాను. సాయంత్రం ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. పెట్టె సర్దుకోమంటారు. మా నాయనకు కబురు పెడతారు. నాయన వచ్చి ఆయన ముందు తల వంచుకుని కూచుంటాడు, నన్నే సర్దుకుపొమ్మంటాడు. అవన్నీ వరసగా కళ్ళముందు కనబడుతూనే ఉన్నాయి. అయినా నడిచాను. ఇంకో దారి లేదు. ఉన్న ఇంకో దారి మా పెరట్లో ఉంది.

స్టేడియం గేటు తెరిచే ఉంది. లోపల ఒక్క మనిషి లేడు. అంత పెద్ద చోటు నా ఎదురుగా ఖాళీగా ఉండటం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. మెల్లగా గోడ పట్టుకుని మెట్లెక్కి, మధ్య వరసలో కూచున్నాను. చలికాలపు ఎండకు సిమెంటు గోరువెచ్చగా ఉంది. ఈపాటికి జట్టు మా వసారాలో దిగి ఉంటుంది. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి పిలుస్తుంటారు. పిలుపు వినబడనంత దూరంలో ఉన్నానని తెలిసినా, ఒళ్ళు దానంతటదే లేవబోయింది. రెండు చేతులతో మెట్టు అంచు గట్టిగా పట్టుకుని కూచున్నాను.

కింద నుంచి కాపలా ముసలాయన చేయి అడ్డం పెట్టుకుని నన్ను చూసి, రెండు మెట్లెక్కి ఆగాడు.

“ఎవురి కోసరం కూచున్నావమ్మా? ఈ పొద్దు ఈడ ఆట లేదు. అందరూ పాత గ్రౌండుకు పోయినారు.”

“అందుకే వచ్చినానప్పా” అన్నాను. చెప్పులు విడిచి, కొంగు మడిచి తల కింద పెట్టుకుని, ఆ మెట్టు మీదే పడుకున్నాను.