ఏడుసార్లు ఏరిన బియ్యం

మేం అద్దెకున్న ఇంటి మేడమీద గదిలోకి హెస్కేల్, సిమ్హా దిగిన ఏడాదే నేను బి.ఏ. ప్యాసయ్యాను. మా వంశంలో వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన మొదటివాణ్ణి నేను. రంగూన్‌లో, మా వాళ్ల మాటలో రంగంలో, సేక్కాన్ రేవులో మూటలు దింపే మా నాన్న పోలయ్య నా పట్టాకి చట్రం కట్టించి దేవుడి పటం పక్కన తగిలించాడు. అమ్మ రెండింటికీ కలిపి బొట్టు పెట్టేది. ఇంట్లో ఏ సందేహం వచ్చినా బియ్యే చదివినోణ్ణి అడగమనేవారు. ఆ అలవాటు వల్లే ఈ కథలో తప్పు నా మెడకి కూడా చుట్టుకుంది.

హెస్కేల్, సిమ్హా బాగ్దాదు నుంచి చదువుకోసం రంగం వచ్చిన యూదులు. పెళ్లయి ఇంకా ఏడాది నిండలేదు. అతనికి ఇరవై రెండేళ్లు, రసాయన శాస్త్రం చదివేవాడు. ఆమెకి పంతొమ్మిది, అదే కాలేజీలో ఇంటరు. పొద్దున్న ఇద్దరూ ఒకే గొడుగు కింద బయల్దేరేవారు. వచ్చేటప్పుడు ఏదో పాఠం మీద పేచీ పడి ఒకరు గొడుగులో, ఒకరు ఎండలో వచ్చేవారు. బొగ్గులో ఏమేం ఉంటాయో హెస్కేల్ గంటసేపు చెప్పగలడు, కాని పొయ్యిలో బొగ్గు రాజెయ్యడం రాదు. సిమ్హాకి రాజెయ్యడం వచ్చు, కాని పుస్తకం తెరిచిందంటే పొయ్యి మీద ఏం పెట్టిందో గుర్తుండదు. మాడు వాసన రాగానే మా అమ్మ మంగాయమ్మ చీపురుకర్రతో కింద నుంచి మేడ చెక్కల్ని మూడుసార్లు పొడిచేది. అది సిమ్హాకి గంట. అమ్మ ఆమెని సింహాద్రి అప్పన్న పేరు కలిపి సింహాద్రమ్మా అని పిలిచేది, ఆమె పలికేది.

వాళ్ల చదువుకి ఖర్చు పెడుతున్నది హెస్కేల్ తాతగారి చెల్లెలు అజీజా మామ్మ. రంగంలో ముప్పై ఏళ్లుగా టేకు వ్యాపారం చేస్తున్న కుటుంబం. పెళ్లయిన పిల్ల పుస్తకాలు పట్టుకుని తిరగడం ఆవిడకి మొదటి నుంచీ నచ్చలేదు. ఆ ఏప్రిల్లో పస్కా పండగ మొదటి రోజు సాయంత్రం భోజనానికి ఈ గదికే వస్తానని కబురు పెట్టింది. ఇల్లు పద్ధతిగా కనిపిస్తే ఇద్దరూ చదువుకోవచ్చు. లేకపోతే సిమ్హా వచ్చే నెల ఓడెక్కి బాగ్దాదు వెళ్లిపోవాలి, హెస్కేల్ ఒక్కడే ఉండి మిగిలిన మూడేళ్లూ పూర్తి చెయ్యాలి. ఈ సంగతి నాకు చెబుతూ హెస్కేల్ కళ్లద్దాలు రెండుసార్లు తుడిచాడు. మూడోసారి తుడిచినప్పుడు అవి అతని చేతిలో లేవు, నా కళ్లద్దాలు తుడుస్తున్నాడు.

పస్కా ఎనిమిది రోజులూ వాళ్లింట్లో పులిసిన పిండి ఆనవాలు కూడా ఉండకూడదు. బాగ్దాదు వాళ్లు అన్నం తినొచ్చు గాని, బియ్యంలో ఒక్క గోధుమ గింజ కూడా కలవకూడదు. అది తడిస్తే పులిసినట్టే లెక్క. అందుకని పండగ ముందు బియ్యం ఏరతారు. అజీజా మామ్మ ఇంటి ఆచారం ఏడుసార్లు.

సిమ్హా కొత్త రేకు డబ్బా నిండా బియ్యం తెప్పించి, ఒళ్లో పళ్లెం, పళ్లెం పక్కన పుస్తకం పెట్టుకుని మేడమెట్ల మీద కూచుంది. అమ్మ అది చూసింది.

"ఏటమ్మా అది? బియ్యం ఏరతన్నావా, కోళ్లకి మేత సల్లతన్నావా?"

నిజమే, సగం బియ్యం మెట్ల మీదే ఉన్నాయి. నేను మధ్యలో నిలబడి పండగ నియమం అంతా అమ్మకి తెలుగులో చెప్పాను. అమ్మ డబ్బా లాక్కుంది. పండగముందు పిల్లచేత ఒంటిగా ఇంత పని చేయిస్తే చూసినవాళ్లు ఏమంటారంది. పక్క వాటాల్లోంచి తులసమ్మని, కోటేశ్వరిని కేకేసింది. సిమ్హా ఇచ్చిన కొత్త చేటలు మూడూ పట్టుకుని ముగ్గురూ మా గుమ్మంలో కూచున్నారు.

నేను పరీక్ష హాలులో లాగా పక్కన నిలబడి, సుద్దముక్కతో గోడ మీద ఒక్కో విడతకి ఒక్కో గీత గీశాను. మొదటి రెండు విడతల్లో రాళ్లు, వడ్లు, నూకలు వచ్చాయి. మూడో విడతలో ఏమీ రాలేదు. నాలుగో విడతలోనూ రాకపోయేసరికి ఆడవాళ్లకి కోపం వచ్చింది. ఏమీ లేనిచోట ఏరడమేమిటని తులసమ్మ చేట కింద పెట్టేసింది. తమ పని మీద నమ్మకం లేక ఇన్నిసార్లు చేయిస్తున్నారని కోటేశ్వరి అనుమానం. నేను నియమం మళ్లీ మొదటి నుంచి చెప్పాను. బియ్యే చదివినోడు కాబట్టి ఊరుకున్నారు.

అయిదో విడతలో కోటేశ్వరికి ఒక గోధుమ గింజ దొరికింది. ఆవిడ దాన్ని పైకెత్తి పట్టుకుంటే వీధిలో వెళ్లేవాళ్లు కూడా ఆగారు. హెస్కేల్ మెట్లు దిగి వచ్చి భూతద్దంతో చూసి, అది బార్లీ అన్నాడు. ముగ్గురు ఆడవాళ్లూ అతనివైపు జాలిగా చూశారు. అతను దాన్ని అగ్గిపెట్టెలో పెట్టి, పండగ రోజు పొద్దున్న కాల్చాలని రెండు చేతులతో పట్టుకుని మేడమీదికి తీసుకెళ్లాడు. శవయాత్ర బాగుందని తులసమ్మ అంది. ఏడో గీత కూడా పడింది. పండగ నాటి పొద్దున్నే అమ్మ డబ్బా పైకి పంపించేసింది.

ఆ మధ్యాహ్నం నేను భోజనానికి కూచుంటే అమ్మ తన బియ్యం కుండలో చెయ్యిపెట్టి, అడుగు తగులుతోంది, రేపటికి తేవాలంది. మొన్ననేగా నాన్న తెచ్చాడన్నాను. మేడమీది వాళ్ల డబ్బాలో పోశానంది. ఎందుకని అడిగాను.

"ఏరిన్నాక డబ్బా నాలుగు వేళ్ల లోతు తగ్గిపోనాది. నిండుగా ఇచ్చిన డబ్బా ఎల్తిగా పంపుతామేటి? మూడు సోలలు పోసి, కలిపి, సమంగా సేసి పంపేను."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. మా ఇంట్లో బియ్యం అంటే రేవులో చిరిగిన మూటల కింద ఊడ్చుకోమని మేస్త్రీ వదిలేసే గింజలు. ఆ రేవులో బియ్యం ఎక్కే చోటే గోధుమ దిగుతుంది. కుండలో చెయ్యిపెట్టి చూశాను. గుప్పెట్లో నాలుగు గోధుమలు వచ్చాయి. ఏం తీసెయ్యాలో అమ్మకి రెండుసార్లు చెప్పాను. ఏమీ కలపొద్దని ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆ మాట అప్పుడు చెప్పి మేడమీదికి పరిగెత్తాను. సిమ్హా ఇంకా అన్నం వండలేదు, ఆ ఒక్క విషయంలో అదృష్టం. ఆమె డబ్బాలోకి చూసి, అరవలేదు, ఏడవలేదు. ఓడ ఎన్నో తారీఖున బయల్దేరుతుందని హెస్కేల్‌ని అడిగింది. అతను తారీఖు చెప్పకుండా రసాయన శాస్త్రం ఎత్తుకున్నాడు. ఎత్తుకోకపోతేనే నయం. బియ్యానికీ గోధుమకీ బరువులో తేడా ఉంటుందనీ, నీళ్లలో పోస్తే విడిపోతాయనీ చెప్పి గంగాళం నిండా నీళ్లు తెచ్చాడు. తడిస్తే పులుస్తుందనే కదా ఈ గొడవంతా. సిమ్హా ఆ గంగాళం లాక్కుని బయట పారబోసింది. కింద గుమ్మంలో ఉన్న తులసమ్మ తడిసిపోయి ఏదో అంది, అది నేను ఎవరికీ అనువదించలేదు.

ముగ్గురం నేలమీద కూచుని ఏరడం మొదలుపెట్టాం. నాకు చేట పట్టడం రాదు, హెస్కేల్‌కి గింజ పోల్చడం రాదు. సాయంత్రం వస్తానన్న అజీజా మామ్మ, ముసలివాళ్లు ఎవరైనా చేసే పనే చేసింది, మూడింటికే రిక్షా దిగింది. ఆవిడ గుమ్మంలో నిలబడి నేలంతా పరుచుకున్న బియ్యం, పొయ్యిలో లేని మంట, ఒళ్లంతా చెమటతో ఉన్న మనవడి పెళ్లాన్ని చూసింది. పిల్లకి ఇల్లు నడపడం రాదని తను ముందే అనుకున్నానంది. సిమ్హా తల దించుకుంది.

వెనక మెట్లు కిర్రుమన్నాయి. అమ్మ వచ్చింది. నాన్న దగ్గర నేర్చుకున్న రేవు హిందుస్తానీలో మామ్మతో మాట్లాడింది.

"పిల్ల ఏడుసార్లు ఏరించింది. పాడు సేసింది నాను. మీ పిల్ల డబ్బా తగ్గించి పంపితే, మంగాయమ్మ బియ్యం దొబ్బేసిందని రేపు మీరే అందురు."

మామ్మ జోళ్లు విప్పి, నేలమీద కూలబడి, చేట ఇమ్మంది. ముప్పై ఏళ్లుగా ఆవిడింట్లో బియ్యం వంటమనిషే ఏరుతోంది కాబోలు, మొదటి విదిలింపుకే సగం బియ్యం హెస్కేల్ ఒళ్లో పడ్డాయి. అయినా ఆపలేదు. ఒక పళ్లెం ఏరి, ఇది శుభ్రంగా ఉందని పక్కన పెట్టింది. అమ్మ ఆ పళ్లెం తన ముందుకి లాక్కుని, రెండు గోధుమ గింజలు తీసి మామ్మ మోకాలి దగ్గర పెట్టింది. రెండో పళ్లెంలో మూడు. మూడో పళ్లెం మామ్మే అమ్మ వైపు తోసేసింది.

"నీ పేరేమిటి?" అని అడిగింది. అమ్మ చెప్పింది.

"నాకు కనపడని గింజలు నీకెలా కనపడుతున్నాయి?"

అమ్మ, తను చదువుకోలేదు కాబట్టి కళ్లు పాడవలేదంది. మామ్మకి నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగేలోపు హెస్కేల్ ధైర్యం చేసి ఓడ సంగతి కదిపాడు. ఏ ఓడ అంది మామ్మ. తనకే రాని పని రాలేదని ఇంకొకళ్లని బాగ్దాదు పంపితే, ముందు తను ఎక్కాలి కదా అంది. ఇద్దరూ చదువుకోండి, బియ్యం మాత్రం ఈవిడ ముట్టుకోనిదే తినకండి అంది.

ఆ రోజు అన్నం పొద్దుగుంకే ముందే అయింది. కొంచెం మాడింది. చీపురుకర్ర కింద ఉండిపోయింది కనుక అమ్మ పాదంతో మేడ చెక్కల్ని మూడుసార్లు తన్నింది.

మరుసటి ఏడాది పస్కాకి వారం ముందు అజీజా మామ్మ ఇంటి నుంచి మా గుమ్మంలోకి నాలుగు పెద్ద డబ్బాలు దిగాయి. వాటితో పాటు నా పేరున ఒక చీటీ: ఏరాక ఎంత తగ్గితే అంత తగ్గనివ్వమని మీ అమ్మగారికి చెప్పగలరు. నేను చదివి వినిపించాను. తగ్గించి పంపే ఇల్లు అనుకుందా మాది అని అమ్మ మూడు రోజులు ఆ డబ్బాల మూత తీయలేదు.