ఎవరు ముందు లేచారు

గురజాలలో మౌలాలీ బైకులు బాగుచేస్తాడు. క్లచ్ ప్లేటుకు భావాలేమీ ఉండవు కాబట్టి ఇరవయ్యేళ్ళుగా ఊరందరితోనూ బాగానే ఉన్నాడు.

నిరుడు ఒక ట్యూషన్ సెంటరు వాళ్ళు ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ ఒకే బస్సులో ఎత్తిపోతల జలపాతానికి తీసుకెళ్ళారు. నీళ్ళ ముందు అందరూ కలిసి ఫొటో దిగారు. పిల్లలు ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్నారు. ఊరు మాత్రం రెండుగా చీలింది. సంప్రదాయం మంటగలిసిందన్న వాళ్ళకు ఎరువుల కొట్టు వెంకట్ పెద్ద. కాలంతోపాటు మారాలన్న వాళ్ళకు రిటైరైన నెహెమ్యా మాస్టారు పెద్ద. అప్పట్నుంచి ఒక వర్గం వెళ్ళిన పెళ్ళికి రెండో వర్గం వెళ్ళదు. చావుకైతే వేరే వేరే టైముల్లో వెళ్తారు.

ఇలాంటి ఊళ్ళో మౌలాలీ కూతురు గౌసియా పెళ్ళి పెట్టుకున్నాడు. దాచేపల్లి నుంచి వచ్చే మగపెళ్ళివాళ్ళు కడుపునిండా తిని వెళ్తే, అత్తారింట్లో పిల్లకు మాట పడకుండా ఉంటుంది. అతని దిగులంతా అదే.

ముందురోజు వెంకట్ ఫోన్ చేశాడు.

"ఏందయ్యా మౌలాలీ, ఆ మాస్టారి బ్యాచ్ గూడా వస్తందా?"

"వాళ్ళెక్కడొస్తారన్నా. మీరు రండి."

మాస్టారు ఫోన్ చేసినా అదే చెప్పాడు. ఒకరిని పన్నెండుకు, ఇంకొకరిని రెండుకు రమ్మన్నాడు. పల్నాడులో భోజనానికి ఎవరూ రెండింటిదాకా ఆగరన్న సంగతి ఆ కంగారులో మరిచిపోయాడు. పన్నెండుకే రెండు వర్గాలూ ఫంక్షన్ హాల్లో ఎదురుపడ్డాయి. వెనక్కి తిరిగితే పారిపోయినట్టు. అందుకని ఎదురెదురు బంతుల్లో కూర్చున్నారు. హాల్లో పట్టేవి ఆ రెండు బంతులే.

బంతిలో చివరి మనిషి తినేదాకా ఎవరూ లేవకూడదు. ఆ రోజు ఇంకో నియమం కూడా వచ్చి చేరింది. ముందు లేచిన బంతి ఓడినట్టు. ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలిసిపోయింది.

"ముక్క బాగుడికింది. మళ్ళీ ఎయ్," అన్నాడు వెంకట్.

"మాకూ వెయ్యి నాయనా. మేం తొందరపడే మనుషులం కాదు," అన్నారు మాస్టారు. ఆయనకు షుగరు. అయినా ఆశయం కోసం డబుల్ కా మీఠా మూడుసార్లు వేయించుకున్నారు.

సిమెంటు లారీల వెనక ఇరుక్కున్న మగపెళ్ళివాళ్ళ బస్సు రెండింటికి వచ్చింది. అరవై మంది గుమ్మంలో నిలబడ్డారు.

"వెంకటన్నా, మగపెళ్ళోళ్ళు నిలబడున్నారు. మీకు దణ్ణం పెడతా."

"ముందు వాళ్ళని లెగమను."

మౌలాలీ ఎదురు బంతికి వెళ్ళాడు.

"లేవటానికి నాకేం అభ్యంతరం లేదు మౌలాలీ," అన్నారు మాస్టారు. "కానీ ఇది నా ఒక్కడి విషయం కాదు గదా."

మూడున్నరకు వంటమనిషి డేగిసా అడుగును గరిటెతో గీకి చూపించాడు. అప్పుడు రెండు బంతులూ లేచాయి. చేతులు కడుక్కునే చోట ఎవరు ముందు లేచారన్న గొడవ మొదలైంది.

పెళ్ళికొడుకు తండ్రి ఐజాజ్ ఖాళీ డేగిసాలోకి తొంగిచూశాడు.

"మా ఊళ్ళో ఇట్టా జరగదు బావగారూ. మేం రెండు హాళ్ళు మాట్లాడతాం."

అరవై మందీ బస్టాండు దగ్గర పరోటాలు తిని పిల్లను తీసుకెళ్ళారు. మూడో రోజు గౌసియా ఫోన్ చేసి, అత్తగారు పరోటా అన్న మాట ఎన్నిసార్లన్నదో తండ్రికి చెప్పింది.

ఆ సాయంత్రమే వెంకట్ బండి తెచ్చి షెడ్డు ముందు స్టాండేశాడు.

"క్లచ్ జారతంది చూడు. అది సరే, ఆ రోజు మాస్టారే ముందు లేచాడు. నువ్వక్కడే ఉన్నావు గదా, చూశావా లేదా?"

"చూళ్ళేదన్నా," అన్నాడు మౌలాలీ, పానా తీసుకుంటూ. "నేనప్పుడు డేగిసాలోకి చూస్తన్నా."