ముప్పుకు దగ్గర

నేను చదివింది ఐదో తరగతి. కానీ "దగ్గర" అనే మాటకు అర్థం ఏ ఆఫీసరూ నాకు చెప్పక్కర్లేదు. ఇరవై ఏళ్లుగా గడ్డి కోసే యంత్రం మీద కూర్చుని బతుకుతున్నాను.

నీళ్ల ట్యాంకుల వెనకున్న మైదానంలో కోత నాది, పెత్తనం మా అక్క మొగుడిది. అక్కడ గడ్డి దుబ్బుల్లో నేలమీదే గూడు కట్టే పాటల పిట్ట ఒకటుంది. వాటిని లెక్కపెట్టడానికి వచ్చే ఆవిడను మేం పిట్టలమ్మ అంటాం. సోమవారం ఆవిడ మైదానం నడుమ మూడు గూళ్లు చూసి, చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టింది. బుధవారం మళ్లీ వచ్చి నాతో చెప్పింది.

"పిల్లలకు రెక్కలు రావడానికి ఇంకా పది రోజులు పడుతుందన్నా. కోత ఆపమని కాగితం పెట్టాను."

"ఏమన్నారు?"

"వాళ్ల లిస్టు ప్రకారం ఇది ముప్పులో ఉన్న పిట్ట కాదట. ముప్పుకు దగ్గర్లో ఉన్నదట. అలాంటివాటికి కోత ఆపే రూలు లేదట."

ఎంత చదివితే ఇంత తెలివి వస్తుందో! కిందటేడు నేను ఎప్పటిలాగే అంచుల నుంచి లోపలికి చుట్లు కొట్టాను. ఒక్కో చుట్టుకూ పిల్లలు బెదిరి నడుమకు జరిగాయి. చివరి చుట్టుకు జరగడానికి చోటు లేదు. బ్లేడు కడిగింది నేనే.

గురువారం బావ వచ్చాడు.

"రేపు పెద్దాఫీసరొస్తున్నాడు. సాయంత్రానికి నేల అద్దంలా ఉండాలి."

"నడుమ ముక్క వదిలేస్తా బావా."

"దయ్యం పట్టినోళ్లను చూశాగానీ, పిట్ట పట్టినోణ్ణి నిన్నే చూశారా! అది ముప్పుకు దగ్గర్లోనే ఉంది. నీ ఉద్యోగం ముప్పులోనే ఉంది."

"ఐతే నా ఉద్యోగాన్ని కాపాడే రూలుంటుంది. వెతికి పెట్టు."

యంత్రం ఎక్కాను. ఎర్రగుడ్డల పక్కన మొదలుపెట్టి, నడుమ నుంచి బయటికి కోసుకుంటూ వచ్చాను. ఇరవై ఏళ్లలో మొదటిసారి. గడ్డిలో ఉన్న పిట్టలన్నీ కంచె వైపు తప్పుకున్నాయి. కోత అయ్యేసరికి నడుమ ముక్క పిలకలా మిగిలింది. బావ మళ్లీ వచ్చి చూశాడు.

"ఏంట్రా ఈ గుండు? దిగు, అది నేనే కోస్తా!"

దిగాను. తాళంచెవి జేబులో వేసుకుని ఎర్రగుడ్డల ముందు చతికిలబడ్డాను.

"ఎన్నాళ్లు కూర్చుంటావ్?"

"పది రోజులు. అన్నం పంపమని అక్కకు చెప్పు."

బావ తిట్టుకుంటూ పోయాడు. చక్రం జాడ నుంచి మొదటి గూటికి మూరతో కొలిచాను. ఏడు మూరలు. రేపు ఆఫీసరును ఆ జాడ మీదే నిలబెడతాను. దగ్గరంటే ఎంతో ఆయనే కొలుచుకుంటాడు.