పసుపు దారం

కుక్కర్ మూడో కూత వేసేలోపు ఏడు చీరలకు దారం కట్టడం అయిపోవాలి. పుష్పవల్లి లెక్క అది. ఫిల్మ్‌నగర్‌లో వాళ్ళ ఇంటి కింది భాగమంతా సినిమా దుస్తులు అద్దెకిచ్చే కొట్టు. షూటింగ్ నుంచి తిరిగొచ్చిన ప్రతి గుడ్డా ముందు వంటింటి వెనక వరండాలోకే వచ్చేది. మరక చూడాలి, చిరుగు కుట్టాలి, ఏ కంపెనీ, ఏ పాత్ర, ఏ సీనో అట్టముక్క మీద రాయాలి. సీను ఇంకా మిగిలుంటే చీర చెంగుకి పసుపు దారం కట్టాలి. దారం ఉన్న చీర బీరువాలో కనపడుతున్నా మరొకరికి ఇవ్వకూడదు. ఆరు నెలల తరవాత హీరోయిన్ అదే చీరలో అదే గడప దాటాలి. తెరమీద చూసేవాళ్ళకి అది ఒక్క అడుగు. పదకొండేళ్ళలో అట్టముక్కలతో పద్దెనిమిది బిస్కెట్ డబ్బాలు నిండాయి.

"ఊరికే కూర్చోలేక ఏదో రాసుకుంటుంది లెండి" అనేవాడు భర్త చలపతిరావు, వచ్చినవాళ్ళతో నవ్వుతూ.

ఖరీదైన చీర కొన్నప్పుడల్లా పుష్పవల్లి అదే మగ్గం మీది జత కూడా తీసుకునేది. ఒకటి పాడైతే రెండోది అక్కరకొస్తుందని. ఆ రెండోది తన బీరువాలో తన చీరగా ఉండేది. "నీకేమమ్మా, అన్నీ హీరోయిన్ల చీరలే" అని అత్తగారు ఒకసారి చుట్టాలందరి ముందూ అంది. తన చెల్లెలి పెళ్ళిలో ఆ చీర మీద పప్పుచుక్క పడకుండా ఒళ్ళో తుండు పరుచుకుని పుష్పవల్లి అన్నం తిన్న సంగతి ఆవిడ చూడలేదు. ఎప్పుడు వెనక్కి ఇవ్వాల్సొస్తుందో తెలియని చీరని సొంత చీర అనుకోవడం ఎంతవరకు గిట్టుబాటని పుష్పవల్లి అప్పుడే అనుకుంది.

తొంభై ఏడులో కొట్టుకి కంప్యూటర్లు వచ్చాయి. మూడు పెట్టెలు, ఒకదానికొకటి తీగలు. ఇక ఏ గుడ్డ ఎక్కడుందో మీట నొక్కితే చెబుతుందట. కంపెనీ తరఫున లీలాకుమారి అనే అమ్మాయి వచ్చి కాగితం మీద గడులు గీసుకుంటూ వారం రోజులు ప్రశ్నలు అడిగింది. ప్రతి ప్రశ్నకీ చలపతిరావు "ఒక్క నిమిషం" అని వంటింట్లోకి వచ్చి, జవాబు పట్టుకుని వెళ్ళి, తనే చెప్పినట్టు చెప్పాడు. మూడోరోజుకి ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని తనే వంటింటి గుమ్మంలోకి వచ్చింది. గుడ్డ లోపల ఉంది, బయట ఉంది, ఈ రెండూ కాక ఇంకేమైనా ఉంటుందాండీ అని అడిగింది. పుష్పవల్లి పోపు గరిటె పక్కన పెట్టేలోపే హాల్లోంచి చలపతిరావు మాట వచ్చింది.

"ఆవిణ్ణి అడిగితే ఈ ఏటికి తెమలదమ్మా. ఉందా, లేదా. రెండు గడులు చాలు."

లోపల ఉన్నా ఇవ్వకూడనిదని ఒకటుంటుందని ఎవరికీ తెలియకుండానే ఆ ప్రశ్న ముగిసింది.

నంబరు పట్టీలు కుట్టే రోజున ఒక గుడ్డకి రెండు గుర్తులెందుకని దారాలు తీసెయ్యమన్నాడు చలపతిరావు. ఉతికి ఇస్త్రీ చేసే బాలమణి కృష్ణానగర్ మనిషి, మొహమాటం లేదు. "గీ పసుపు దారం ముట్టుకుంటే అమ్మ ఊకోదు సారూ, జర అడిగి రాండ్రి" అంది. అతను అడగలేదు. సాయంత్రం చేటలో గుప్పెడు దారాలు చూసి పుష్పవల్లి భర్తతో ఒక్కసారి చెప్పింది, ఇది తప్పు, దెబ్బ తగులుతుందని. "నీకు విశ్రాంతి ఇద్దామని లక్షలు పోశాను, సంతోషించవేం" అన్నాడు. రెండోసారి చెబితే పోట్లాట, చెప్పకపోతే నష్టం. మొదటిసారి నష్టాన్ని రానిచ్చింది.

అది రెండు నెలలకే వచ్చింది. పెళ్ళి సీను సగం తీసి ఆపిన కంపెనీ నుంచి ప్రొడక్షన్ మేనేజర్ అచ్యుతరామయ్య చిలకాకుపచ్చ పట్టుచీర కోసం వచ్చి హాల్లో కూర్చున్నాడు. మీట నొక్కితే చీర లోపలే ఉందంది. తెచ్చి విప్పితే చెంగంతా రంగు కారింది. మధ్యలో దాన్ని ఎవరికో వానపాటకి ఇచ్చారు. అవతల సెట్టు వేసి ఉంది, హీరోయిన్ మూడు రోజులే ఇచ్చింది. చీర దొరక్కపోతే ఇక ఈ గడప తొక్కేది లేదని అచ్యుతరామయ్య మెల్లగానే చెప్పాడు.

చలపతిరావు వంటింట్లోకి వచ్చాడు. ఈసారి "ఒక్క నిమిషం" అనలేదు.

"పుష్పా, దీని జత నీ దగ్గరుంది కదూ?"

"ఉంది." ఆమె చేతులు తుడుచుకుంది. "చీటీ లేనిదే గుడ్డ గడప దాటదని మీరే కదండీ అంటారు. ఎవరి దగ్గర తీసుకున్నారో రాయించండి, ఇస్తాను."

అతను నవ్వబోయి ఆమె ముఖం చూసి మానేశాడు. ఇద్దరూ హాల్లోకి వచ్చారు. కబురందుకుని వచ్చి కంప్యూటర్లో లోపం ఎక్కడుందో వెతుకుతున్న లీలాకుమారి పేరు కొట్టి ఆగిపోయింది.

"పుష్పవల్లిగారి పేరు ఇందులో లేదండీ. కొత్తగా తెరవాలి. ఏమని రాయను? కస్టమరు, సప్లయరు, స్టాఫు, యజమాని. నాలుగే ఉన్నాయి."

"మా ఇంట్లో మనిషమ్మా" అన్నాడు చలపతిరావు.

"అలాంటి గడి లేదండీ."

అచ్యుతరామయ్య గడియారం చూసుకున్నాడు. వెనక వరండాలో బాలమణి ఇస్త్రీ ఆపింది. పుష్పవల్లి నాలుగింటినీ బేరమాడే మనిషిలా ఒక్కొక్కటే తూచింది. అద్దెకు తీసుకోలేదు కాబట్టి కస్టమరు కాదు. జీతం లేదు కాబట్టి స్టాఫు కాదు. చీర ఇస్తోంది కాబట్టి సప్లయరు అనుకోవచ్చు, కానీ సప్లయరు సరుకు ఇచ్చి బయటికి వెళ్ళిపోతాడు.

"యజమాని అని రాయి" అంది. "ఉంది, లేదు కాక గుడ్డలకి మూడో గడి ఒకటి కావాలి. దాని సంగతి రేపు డబ్బాలు తెచ్చి చెబుతాను."

లీలాకుమారి చలపతిరావు వైపు చూసింది. అతను రంగు కారిన చీర వైపు చూశాడు. చివరికి తల ఊపాడు.

"ఇప్పుడొక రహస్యపు మాట కొట్టండి మేడమ్. మీకు తప్ప ఎవరికీ తెలియకూడదు" అంది లీలాకుమారి.

పుష్పవల్లి కుర్చీ జరుపుకుని కూర్చుంది. ఏం కొడుతుందో చూద్దామని చలపతిరావు అలవాటుగా భుజం మీదుగా వంగాడు.

"మీరు కాస్త అటు తిరగండి" అంది.