ఘనాలో బండి ఎవరు నడపాలి

సెలవులకు ఎక్కడికైనా వెళ్దామని భార్య అడిగినప్పుడల్లా సిటీ బస్సు డ్రైవరు చెప్పే జవాబు ఒకటే: ఇంట్లో పడుకుందాం. ఏడాది పొడుగునా తిరిగేవాడికి తిరగడం మీద మోజేముంటుంది? ఆవిడది ఆడవాళ్ళ సెలూను. పొద్దస్తమానం ఒకేచోట నిలబడి పనిచేసే మనిషి కాబట్టి, ఆవిడకి ఎప్పుడెప్పుడు గడప దాటుదామా అని ఉండేది. ఇన్నాళ్ళూ ఆయన మాటే నెగ్గింది. ఈ ఏడు నెగ్గలేదు. దానికి కారణం ఘనా టీచరమ్మ.

ఆ టీచరమ్మ పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశం నుంచి వచ్చి, దగ్గర్లోని బళ్ళో లెక్కలు చెబుతోంది. సన్నసన్న జడలు అల్లించుకోవడానికి సెలూనుకు వస్తుంది. మొదటిసారి ఈవిడ తనకు చేతకాదంటే, అద్దంలో చూస్తూ టీచరమ్మే దగ్గరుండి నేర్పింది. ఆ అల్లికకు ఒక పూటంతా పడుతుంది. పూటంతా కబుర్లే. సముద్రపు ఒడ్డున రంగురంగుల చేపల పడవల గురించి, అడవిలో చెట్ల కొసల మీదుగా వేలాడే తాళ్ళ వంతెన గురించి చెప్పేది. పూర్వం మనుషుల్ని బానిసలుగా అమ్మడానికి గొలుసులతో కట్టి ఓడలెక్కించిన కోట ఒకటుందని కూడా చెప్పింది. అక్కడికి పొద్దున్నే వెళ్ళమంది. ఆ రోజుకి ఇంకే పనీ పెట్టుకోవద్దంది. అది చూశాక ఎవరికీ మాట్లాడబుద్ధి కాదట.

భార్య ఈ మాటలన్నీ మోసుకొచ్చి ఇంట్లో చెప్పింది. చిత్రంగా ఆయన కాదనలేదు. పైగా ఘనా పటం ఒకటి సంపాదించి భోజనాల బల్ల మీద పరిచాడు. రాజధాని అక్రాలో దిగి కారు అద్దెకు తీసుకోవాలి. సముద్రం పక్కనుంచే కేప్ కోస్ట్ దాకా వెళ్ళాలి. మళ్ళీ వెనక్కొచ్చి, పైన వోల్టా సరస్సు దాకా పోవాలి. అంతా తనే నడుపుతాడు. ఎర్ర పెన్సిలుతో దార్లు గీసుకుంటూ తెగ మురిసిపోయాడు. ఆవిడ మాత్రం పటం వైపు చూడకుండా కూరలు తరుగుతూ కూర్చుంది.

"ఏం, నా డ్రైవింగు మీద నమ్మకం లేదా?" అన్నాడు.

"అది కాదండీ. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎక్కడికెళ్ళినా స్టీరింగు మీ చేతిలోనే. అటు చూడండి అంటే ఊఁ కొడతారు గానీ తల తిప్పరు. తిప్పకూడదనుకోండి. కానీ అంత దూరం వెళ్ళి కూడా అన్నీ నేనొక్కదాన్నే చూడాలా?"

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. మరెలా వెళ్దామంటావని అడిగాడు. అక్కడ ట్రోట్రోలని చిన్న వ్యాన్లుంటాయట, సీట్లన్నీ నిండితే గానీ కదలవట, పక్కపక్కన కూర్చుని వెళ్దామంది ఆవిడ. ఎవరో నడిపే బండిలో కూర్చుంటే తనకు గుండె దడేనని ఆయన మొత్తుకున్నాడు. అయితే ముందు ఇక్కడే అలవాటు చేసుకోండి అందావిడ.

ఆదివారం ఆయన రోజూ నడిపే రూటు బస్సే ఇద్దరూ ఎక్కారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఆ పూట డ్రైవరు. గురువుగారిని అద్దంలో చూసి బిగుసుకుపోయింది. ఈయన బిగుసుకుపోవడం ముందు అదేం లెక్కలేదు. సిగ్నలు వచ్చిన ప్రతిసారీ ఆయన కుడికాలు బ్రేకు తొక్కినట్టు నేలను తొక్కుతోంది. "కాలు తియ్యండి, పాపం ఆ పిల్ల కంగారు పడుతోంది," అని ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉంచింది.

టైర్ల కొట్టు మలుపులో బస్సు ఆగింది. చేసే పనేమీ లేక ఆయన తలెత్తి చూశాడు. కొట్టు పైన మేడ మీద, బార్లా తెరిచిన కిటికీల్లోంచి, ముసలి జంటలు డాన్సు నేర్చుకుంటూ కనిపించాయి. ఒకాయన తడబడి భార్య కాలు తొక్కినట్టున్నాడు, ఆవిడ పగలబడి నవ్వుతోంది.

"ఈ డాన్సు క్లాసు ఎప్పుడు పెట్టారు?" అన్నాడు ఆశ్చర్యంగా.

"మన పెళ్ళికి ముందు నుంచీ ఉంది."

ఆయన మెడ తిప్పి తిప్పి కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ తర్వాత ఆయన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. అది చూడు, ఇది చూడు అంటూనే ఉన్నాడు. దిగాల్సిన స్టాపు దాటిపోయి చివరిదాకా వెళ్ళారు. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన తనే కూర్చుంటానన్నాడు. ఆవిడ నవ్వుకుని జరిగింది.

ఇంటికి రాగానే రబ్బరు పట్టుకుని ఎర్రగీతలు చెరిపేశాడు. సరస్సు దగ్గర దారి మాత్రం ఉంచేసి, ఆ ఒక్కరోజూ నడపనివ్వమని బతిమాలాడు. మధ్యమధ్య బండి ఆపి చూస్తానంటేనే అని ఆవిడ ఒప్పుకుంది.

తర్వాత పనులు చకచకా సాగాయి. సెలవు దొరికింది, టికెట్లు కొన్నారు. అక్రాలో ఉన్న టీచరమ్మ తల్లి రెండు రోజులైనా తమ ఇంట్లో ఉండి తీరాలని కబురు పెట్టింది. ఆ దేశానికి తప్పనిసరి అయిన ఎల్లో ఫీవర్ టీకా ఇద్దరూ ఒకేరోజు వేయించుకున్నారు.

ఆ సాయంత్రం బీరువా మీది పెద్ద సూట్‌కేసు దించుదామని అటొకరూ ఇటొకరూ నిలబడ్డారు. టీకా వేసిన చెయ్యి పైకెత్తగానే ఆయన అబ్బా అన్నాడు, ఆవిడ అమ్మా అంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇంకా బోలెడు టైముందిలే," అన్నాడాయన. ఆవిడ టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది.